ఆరునెలలకో ఫ్రేమ్‌వర్క్, రోజుకో రీల్... వెబ్ డిజైన్ మానేయనా అక్కా?

"అక్కా, ఏడేళ్ల నుంచి వెబ్ డిజైన్ చేస్తున్నా. ఇప్పుడు పదిమంది క్లయింట్లతో మాట్లాడితే ఆరుగురు 'ఇన్‌స్టా పేజీ ఉందిగా, మళ్ళీ వెబ్‌సైట్ ఎందుకు దండగ' అంటున్నారు. ఇంకోపక్క ఆరునెలలకో కొత్త ఫ్రేమ్‌వర్క్ (సైట్ కట్టడానికి ముందే రాసిపెట్టిన కోడ్ మూట) వస్తోంది, ఒకటి నేర్చుకునేలోపే అది పాతదైపోయిందంటారు. ఏఐకి నాలుగు లైన్లు చెప్తే సైట్ కట్టిచ్చేస్తోంది. నాతోపాటు మొదలుపెట్టినవాడు రోజూ రీల్స్ పెట్టి వేలమంది ఫాలోవర్స్‌ని తెచ్చుకున్నాడు. నా సొంత సైట్ ముట్టుకుని మూడేళ్లయింది, అడ్రస్ కింద రాశా, చూసి నవ్వకు. ఈ పని వదిలేసి సోషల్ మీడియా మేనేజ్‌మెంట్‌లోకి పోదామా అనుకుంటున్నా. ఏమంటావ్?" (పేరు వేయొద్దన్న పాఠకుడు)

తమ్ముడూ,

నీ ఉత్తరం చదువుతుంటే నవ్వొచ్చిన మాట నిజమే, కానీ నీ మీద కాదు. 2010లో నేను మా సీనియర్ మేడంకి అచ్చం ఇలాంటి మెయిలే పెట్టా, అందులో ఫ్రేమ్‌వర్క్ అన్నచోట ఫ్లాష్ (సైట్లలో యానిమేషన్లు ఆడించే సాఫ్ట్‌వేర్) అని ఉంటుంది, అంతే తేడా. ఆవిడ రిప్లై ఒక్క లైను: "కడుపునిండా ఏడ్చి రేపు ఆఫీసుకి రా." నేను అంత పొదుపరిని కాదు కాబట్టి కాస్త ఎక్కువే రాస్తా, ఓపిగ్గా చదువు.

నేను ఫీల్డ్‌లోకొచ్చేసరికి ఫ్లాష్ రాజ్యం నడుస్తోంది. ఫ్లాష్ రాకపోతే నువ్వేం డిజైనర్‌వి అని మొహమ్మీదే అడిగేవాళ్ళు. సైట్ తెరవగానే లోడింగ్ అని ఒక గీత నిండుతూ ఉండేది, తర్వాత మ్యూజిక్‌తో ఇరవై సెకన్ల యానిమేషన్, మూలన చిన్నగా 'స్కిప్ ఇంట్రో' అని ఒక బటన్, మేం రాత్రంతా కూర్చుని చేసిన మొత్తం పనిలో జనం వాడేది ఆ బటన్ ఒక్కటే అన్న సంగతి మాకందరికీ తెలుసు, ఎవరం పైకి అనేవాళ్ళం కాదు. నేను నాలుగైదేళ్లు ఫ్లాష్ కోడ్ రాసే భాష యాక్షన్‌స్క్రిప్ట్ తప్ప వేరే ధ్యాస లేకుండా బతికా. 2007లో ఐఫోన్ వచ్చింది, అందులో ఫ్లాష్ లేదు, ఏం పర్లేదు తర్వాత పెడతార్లే అనుకున్నాం. 2010 ఏప్రిల్‌లో యాపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ ఫ్లాష్ మాకెందుకొద్దో అంటూ ఏకంగా బహిరంగ లేఖే రాశాడు, బ్యాటరీ తినేస్తుంది, క్రాష్ అవుతుంది, టచ్ స్క్రీన్‌కి పనికిరాదు, పైగా ఒక్క కంపెనీ చేతిలో ఉంది అని. నాకు ఒళ్ళు మండిపోయింది, మా మేడంకి మెయిల్ పెట్టింది ఆ రాత్రే. తర్వాత కథ నీకు తెలిసిందే, ఫ్లాష్ సొంతదారు అడోబీ 2017లో ఆపేస్తున్నామని చెప్పింది, 2020 డిసెంబర్ 31తో ఆపేసింది, ఇంకో పన్నెండు రోజులకి ప్లేయర్ తనంతట తనే ఫైళ్ళు ఆడించడం మానేసింది. నా పోర్ట్‌ఫోలియో హోమ్ పేజీ ఒక బూడిదరంగు డబ్బా అయిపోయింది. (రఫుల్ అని పాత ఫ్లాష్ ఫైళ్ళని ఇప్పటి బ్రౌజర్‌లో ఆడించే ఒక ఎమ్యులేటర్ ఉంది, దాంట్లో నావి కొన్ని ఇప్పటికీ ఆడతాయి, అప్పుడప్పుడూ రాత్రిపూట తెరిచి చూసుకుంటుంటా, ఎవరికీ చెప్పకు.)

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, అదే కాలంలో ఫ్లాష్‌కి డబ్బులు పెట్టలేని ఒక చిన్న క్లయింట్‌కి 2004లో మొహం ముడుచుకుని వెబ్ పేజీల మూల భాష హెచ్‌టీఎంఎల్‌తో ఒక మామూలు సైట్ చేసిచ్చా, టేబుల్స్‌తో లేఅవుట్, ఖాళీ జాగా కోసం ఒక పిక్సెల్ సైజు కనబడని జిఫ్ బొమ్మలు, సిగ్గుపడాల్సిన పని. అది ఇవాళ్టికీ తెరుచుకుంటుంది. ఫోన్లో అక్షరాలు చీమల్లా కనబడతాయి, రెండు వేళ్ళతో పెద్దది చేసుకోవాలి, కానీ చదవొచ్చు. అంతెందుకు, వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ సెర్న్ అనే పరిశోధన సంస్థలో పెట్టిన మొట్టమొదటి వెబ్‌సైట్ ఉంది చూడు, 1991 నాటిది, దాని పాత కాపీని సెర్న్ వాళ్ళు 2013లో మళ్ళీ ఆ పాత అడ్రస్‌లోనే పెట్టారు, నీ ఫోన్లో తెరువు, ఏ గొడవా లేకుండా వస్తుంది. బ్రౌజర్లు చేసేవాళ్ళకి ఒక మొండి పట్టుదల ఉంది, పాత పేజీలు పాడవకూడదు అని, అందుకే ఎప్పుడో తప్పుగా రాసిన ట్యాగుల్ని కూడా ఇప్పటికీ సర్దుకుని చూపిస్తాయి. నేను గర్వంగా చేసింది పోయింది, సిగ్గుపడుతూ చేసింది మిగిలింది. నాకు ఈ విషయం తలకెక్కడానికి పదేళ్లు పట్టింది, నీకు ఊరికే చెప్తున్నా.

ఇప్పుడు నీ ఆరునెలలకో ఫ్రేమ్‌వర్క్ సంగతి. కొత్తవి వస్తూనే ఉంటాయి, వాటిలో పనికొచ్చే ఆలోచన ఉంటే అది మెల్లగా బ్రౌజర్‌లోకి, స్టాండర్డ్‌లోకి ఇంకిపోతుంది, మిగతాది ఎండిపోతుంది. ఇరవైయేళ్లుగా నేను చూస్తున్నది ఇదే. మూలలు గుండ్రంగా ఉండే డబ్బా కావాలంటే మేం ఫోటోషాప్‌లో నాలుగు మూలలు కోసి నాలుగు బొమ్మలు పెట్టేవాళ్ళం, డబ్బా పొడుగు పెరిగితే మళ్ళీ కోయాలి, ఇప్పుడది సీఎస్ఎస్‌లో (పేజీ రంగూ రూపూ చెప్పే భాష) ఒక్క లైను. 2006లో జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ కోడ్ మూట వచ్చినప్పుడు అమ్మయ్య అనుకున్నాం, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి ఒక కోడు ఫైర్‌ఫాక్స్‌కి ఒక కోడు రాసే బాధ తప్పిందని, ఇప్పుడు చూస్తే అందులో మనం రోజూ వాడినవన్నీ, ఎలిమెంట్‌ని వెతకడం, క్లాసు తగిలించడం, సర్వర్ నుంచి డేటా తేవడం, మామూలు జావాస్క్రిప్ట్‌లోనే ఉన్నాయి. సీఎస్ఎస్‌ని సులువుగా రాయడానికి వాడే శాస్ కోసం నేర్చుకున్న వేరియబుల్స్ (ఒక విలువకి పేరు పెట్టుకోవడం), నెస్టింగ్ (ఒక రూల్ లోపల ఇంకో రూల్ రాయడం) నేరుగా సీఎస్ఎస్‌లోకే వచ్చేశాయి, నెస్టింగ్ అయితే 2023కల్లా పెద్ద బ్రౌజర్లన్నిట్లో పనిచేస్తోంది. పిల్ల ఎలిమెంట్‌ని బట్టి తల్లి ఎలిమెంట్‌ని పట్టుకునే సెలెక్టర్ ఎప్పటికీ రాదు అనుకున్నాం, అది కూడా ఆ ఏడాది డిసెంబర్‌కి అన్నిట్లో వచ్చింది. సీఎస్ఎస్ మొదటి స్టాండర్డ్ 1996 డిసెంబర్‌లో వస్తే, లేఅవుట్ కోసమే సరిగ్గా తయారైన గ్రిడ్ పెద్ద బ్రౌజర్లలోకి 2017 మార్చిలో వచ్చింది, అంటే ఇరవైయేళ్లు మేం ఫ్లోట్లతో, టేబుల్స్‌తో తంటాలు పడ్డాం. ఇది ఆరునెలల పరుగుపందెంలా ఉందా నీకు? ఇంత నిదానంగా నడిచేదాన్ని పట్టుకోవడానికి ఆయాసపడక్కర్లేదు.

రెండో రకం, అంటే ఎండిపోయినదానికి ఉదాహరణ కూడా చెప్పాలి. యాంగ్యులర్‌జేఎస్ అనే ఫ్రేమ్‌వర్క్ 2010లో వచ్చింది, జనం ప్రాజెక్టులకి ప్రాజెక్టులు దాంట్లో రాశారు, 2016లో యాంగ్యులర్ 2 వచ్చి పాతదానికీ దీనికీ సంబంధం లేదు పొమ్మంది, పాతదానికి 2021 ఆఖర్లో సపోర్ట్ కూడా ఆపేశారు. ఆ సైట్లు తిరగరాసే కూలి పని నేనూ చేశా, డబ్బులు బాగానే వచ్చాయి, తృప్తి మాత్రం అణాపైసంత లేదు.

అలాగని రియాక్ట్ నేర్చుకోవద్దు అనట్లేదు, పొరబడకు. ఉద్యోగ ప్రకటనలో అది అడుగుతున్నారంటే నేర్చుకోవాల్సిందే, అది 2013 నుంచి ఉంది, నిలబడింది, బువ్వ పెడుతుంది. ఒక్కటి గట్టిగా నేర్చుకో చాలు. మిగతావాటికి నేను పెట్టుకున్న పద్ధతి ఏంటంటే, కొత్తది వచ్చిందనగానే ట్యుటోరియల్ తెరవను, అది ఏ బాధ పోగొట్టడానికి పుట్టిందో మాత్రం చదువుతా. ఆ బాధ నాకు లేకపోతే మూసేస్తా. ఉంటే ఒక ఏడాది ఆగుతా, ఏడాది తర్వాత కూడా దాని గురించి మాట్లాడుతున్నారంటే అప్పుడు ఒక ఆదివారం కూర్చుంటా. ఇలా ఆగడం వల్ల నేను కోల్పోయిన ప్రాజెక్టు ఇప్పటిదాకా ఒక్కటి కూడా గుర్తులేదు, ఆగకుండా దూకడం వల్ల పోగొట్టుకున్న ఆదివారాలు మాత్రం లెక్కలేనన్ని.

ఇక అసలు నొప్పి, క్లయింట్లు. ఇన్‌స్టా ఉండగా సైట్ ఎందుకు అన్నవాళ్ళని తిట్టుకోకు, అందులో కొందరు కరెక్టే చెప్తున్నారు. నా దగ్గరికి ఒకావిడ వచ్చింది, ఆర్డర్ మీద ఎంబ్రాయిడరీ చేస్తుంది, చేతిలో పట్టినంత పనే తీసుకుంటుంది, వచ్చేవాళ్ళంతా ఫోటోలు చూసి మెసేజ్ పెట్టేవాళ్ళే. ఆవిడకి ఐదు పేజీల సైట్ అంటగట్టడం అన్యాయం. నీకు సైట్ వద్దమ్మా, నీ పేరుతో ఒక డొమైన్, అంటే వెబ్ అడ్రస్, మాత్రం కొనుక్కో, దాన్ని నీ ఇన్‌స్టా పేజీకి మళ్ళిస్తా, కార్డు మీదా కవర్ల మీదా ఆ డొమైనే వేయించు అన్నా. రేపు ఆవిడ ఇంకో యాప్‌కి మారినా, నిజంగానే సైట్ పెట్టుకున్నా, కార్డులు మార్చక్కర్లేదు, నేను వెనకాల దారి మళ్ళిస్తే చాలు. గంట పని. ఆ గంట పనికి ఆవిడ నాకు ఇద్దరు పెద్ద క్లయింట్లని పంపింది, అది వేరే కథ.

కానీ ఇంకో రకం వాళ్ళుంటారు. డాన్స్ నేర్పే ఒక టీచర్, నేను చేసిన సైట్ ఖర్చు దండగ అని రెన్యువల్ ఆపేసి మొత్తం ఒక సోషల్ మీడియా పేజీలోకి మార్చేశారు, టైమింగ్స్, ఫీజులు, పిల్లల వీడియోలు, పేరెంట్స్‌తో మాటలు, అన్నీ. బాగానే నడిచింది రెండేళ్లు. ఒకరోజు పొద్దున్నే లేచేసరికి అకౌంట్ లాక్. ఏదో రూల్ తప్పారట, ఏ రూలో చెప్పలేదు, అప్పీల్ పెడితే ఆటోమేటిక్ రిప్లై, మళ్ళీ పెడితే మళ్ళీ అదే. కొత్త బ్యాచ్‌లు చేరే సీజన్ అది. ఆవిడ నాకు ఫోన్ చేసి ఏడ్చారు, నేను ఏం చేయగలను, ఫోన్ చేయడానికి ఒక మనిషంటూ లేని చోట. దాదాపు రెండు నెలలకి అకౌంట్ తిరిగొచ్చింది, ఎందుకు పోయిందో తెలియనట్టే ఎందుకు వచ్చిందో కూడా తెలీలేదు.

నేను క్లయింట్లకి సంత లెక్క చెప్తా. సంతకి పోవాలి, జనం ఉన్నది అక్కడే, గుడ్డ పరిచి సరుకు చూపించాలి, అరవాలి, బేరం ఆడాలి. కానీ సాయంత్రానికి మూట కట్టుకుని ఇంటికి తెచ్చుకుంటాం గానీ గోదాం అక్కడ పెట్టుకోం కదా. సంత ఎప్పుడు ఏ వీధికి మారుతుందో మన చేతిలో లేదు. సొంత వెబ్ పేజీలు పెట్టుకునే జియోసిటీస్‌లో జనం ఎన్ని ఇళ్ళు కట్టుకున్నారో, 2009లో యాహూ మూసేసింది. ఆర్కుట్‌లో స్నేహితులకి రాసిన టెస్టిమోనియల్స్ గుర్తున్నాయా, నీకు గుర్తుండవులే, 2014 సెప్టెంబర్‌తో అయిపోయింది. చిన్న వీడియోల యాప్ వైన్ 2017లో, గూగుల్ ప్లస్ 2019లో. మైస్పేస్ అయితే మూతపడను కూడా లేదు, సర్వర్లు మార్చేటప్పుడు 2015కి ముందు పన్నెండేళ్లపాటు జనం ఎక్కించిన పాటలు పోయాయని 2019లో తేలింది. మూసేయకపోయినా రూపు మార్చేస్తారు. ఇన్‌స్టాగ్రామ్ 2016లో పోస్టుల్ని టైం వరసలో చూపించడం ఆపి తన లెక్క ప్రకారం పేర్చడం మొదలుపెట్టింది, 2025 జనవరిలో ప్రొఫైల్ గ్రిడ్‌ని చతురస్రం నుంచి నిలువుగా చేసేసింది, తొమ్మిది పోస్టులు కలిపితే ఒక పెద్ద బొమ్మ వచ్చేలా ముచ్చటపడి అమర్చుకున్నవాళ్ళందరి బొమ్మలూ మూలలు తెగి కూర్చున్నాయి. డిజైనర్‌వి కాబట్టి ఆ బాధ నీకు అర్థమవుతుంది.

అందుకని సైటా సోషల్ మీడియానా అని క్లయింట్‌తో వాదనకి దిగకు, ఓడిపోతావ్. మీ దగ్గరికి కొత్తగా వచ్చేవాళ్ళు మొదట ఏం అడుగుతారు, ఆ జవాబు ఇప్పుడు ఎక్కడ దొరుకుతోంది అని అడుగు. టైమింగ్స్ ఏంటి, ఫీజు ఎంత, ఎలా రావాలి, ఇవి చెప్పడానికి రోజుకి ఇరవైసార్లు మెసేజ్ టైప్ చేస్తున్నామని వాళ్ళే ఒప్పుకుంటారు. మూడునెలల క్రితం పెట్టిన పోస్టులో ఉంది అంటే అది లేనట్టే, కిందకి తోసుకుంటూ పోతే గానీ దొరకదు. ఆ ఒక్క పేజీ చేసిపెట్టు చాలు. ఒక్క పేజీ. ఐదు పేజీలు, బ్యానర్ స్లైడర్, 'మా విజన్' అని ఒక సెక్షన్, ఇవన్నీ మనం పెట్టుకున్న అలవాట్లే గానీ వాళ్ళు అడిగినవి కావు.

ఇక్కడే నీలాంటివాడికి పని ఉంది, అదేంటో ఎవరూ సరిగ్గా పట్టించుకోవట్లేదు. ఆ పేజీ లింక్ వాట్సాప్‌లో పంపితే బొమ్మ, హెడ్డింగ్ వస్తాయి చూడు, అవి ఓపెన్ గ్రాఫ్ అని ఫేస్‌బుక్ 2010లో తెచ్చిన ట్యాగుల నుంచి వస్తాయి. చాలా సైట్లలో అవి ఉండవు, ఉన్నా బొమ్మ చోట లోగో సగం తెగి వస్తుంది. 1200 బై 630 పిక్సెల్స్‌లో ఒక బొమ్మ, అందులో చదవగలిగే పెద్ద అక్షరాలు, కింద మనిషి రాసినట్టుండే ఒక లైను. సైట్‌కీ సోషల్ మీడియాకీ మధ్య తలుపు అదే, ఆ తలుపు డిజైన్ చేసేవాళ్ళే లేరు. అలాగే యాప్ లోంచి లింక్ నొక్కితే చాలాసార్లు నీ క్రోమ్‌లో తెరుచుకోదు, ఆ యాప్ లోపలున్న సొంత బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, అందులో నీ లాగిన్ ఉండదు, ఒక్కోసారి ఫైల్ అప్‌లోడ్ పనిచేయదు, పేమెంట్ పేజీకెళ్ళి తిరిగి రాదు. నేను ఏ సైట్ చేసినా ఇచ్చేముందు లింక్‌ని నాకు నేనే నాలుగు యాప్‌లలో పంపుకుని అక్కడి నుంచే నొక్కి చూస్తా. సగం తప్పులు అక్కడే బయటపడతాయి, లాప్‌టాప్‌లో అంతా అద్భుతంగా ఉంటుంది మరి.

రీల్స్ విషయం. నేనూ చేశా, ఎనిమిది నెలలు రోజుకో సీఎస్ఎస్ చిట్కా. ఫాలోవర్స్ వచ్చారు. ఒకరోజు కూర్చుని ఎవరా వీళ్ళు అని చూస్తే దాదాపు అందరూ డిజైనర్లే, లేదా డిజైన్ నేర్చుకునే పిల్లలు. వాళ్ళు నాకు పని ఎలా ఇస్తారు, వాళ్ళే పని వెతుక్కుంటున్నారు. ఆ ఎనిమిది నెలల్లో నాకు వచ్చిన ప్రాజెక్టులన్నీ పాత క్లయింట్లు చెప్పి పంపినవే. నీ స్నేహితుడు కోర్సు అమ్ముకునే ఆలోచనలో ఉంటే అతనికి ఆ ఫాలోవర్సే కస్టమర్లు, అతను చేసేది తెలివైన పనే, కానీ అది టీచర్ ఉద్యోగం. నీకు కావాల్సింది డాన్స్ టీచర్లు, ఎంబ్రాయిడరీ ఆవిడలు, వాళ్ళు గ్రిడ్ గురించి రీల్ చూడరు. ఒక ప్రాజెక్టు పూర్తయ్యాక ముందు ఎలా ఉండేది, ఏం మార్చాం, దాని తర్వాత ఏమైంది అని నీ సైట్‌లో రాసుకో, అందులోంచి ఒక ముక్క తెంచి సోషల్ మీడియాలో వేయి. నెలకి ఒకటి చాలు.

ఏఐ గురించి ఎక్కువ చెప్పను. నేనూ వాడతా. పేజీ నిమిషంలో వచ్చేస్తుంది, చూడ్డానికి బాగుంటుంది కూడా. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ కీతో ఆ పేజీలో తిరిగి చూడు, నేను చూసినవాటిలో చాలాసార్లు బటన్‌లా కనబడేది బటన్ కాదు, ఫారమ్‌లో గడులకి లేబుల్ ఉండదు, కళ్ళు కనబడనివాళ్ళకి పేజీ చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి అక్కడ ఏమీ లేనట్టే. ఇది పట్టుకోవాలంటే హెచ్‌టీఎంఎల్ తెలిసుండాలి. ఇందాక మొహం ముడుచుకుని చేశానన్నానే, అదే.

చివరిగా నువ్వడిగిన ప్రశ్న, సోషల్ మీడియా మేనేజ్‌మెంట్‌లోకి పోనా అని. నీకు రాయడం ఇష్టమైతే, రాత్రి పదకొండింటికి క్లయింట్ పేజీ కింద ఎవడో బూతులు రాస్తే ఓపిగ్గా జవాబివ్వగలిగితే, పో, మంచి పనే, తక్కువ పనేం కాదు. కానీ మార్పులకి అలిసిపోయి పోతానంటున్నావ్ చూడు, అక్కడ నవ్వొచ్చింది నాకు. పెనం మీంచి పొయ్యిలో పడడమంటే అదే. ఫ్రేమ్‌వర్క్ మారితే కనీసం ముందుగా చెప్తారు, పాత వెర్షన్ కొన్నాళ్ళు నడుస్తుంది. అల్గారిథమ్ మారితే చెప్పేవాడే ఉండడు, మొన్నటిదాకా వచ్చిన వ్యూస్ ఇవాళ ఎందుకు రాలేదో క్లయింట్‌కి నువ్వే ఏదో ఒకటి కల్పించి చెప్పాలి.

నీ సైట్ చూశా. మూడేళ్లు ముట్టుకోలేదన్నావ్ కదా, శుభ్రంగా తెరుచుకుంది, లింకులన్నీ పనిచేస్తున్నాయి, గ్రిడ్ చక్కగా ఉంది, ఎవరి కోడూ కాపీ కొట్టలేదని తెలుస్తోంది. హోమ్ పేజీ మీద బొమ్మ ఒక్కటే నాలుగు ఎంబీ ఉంది, పేజీలో పెద్ద బొమ్మ రెండున్నర సెకన్లలోపు కనబడాలని గూగుల్ లెక్క, నీది వచ్చేలోపు నేను ఒక మెయిల్‌కి రిప్లై ఇచ్చా. ఫోన్లో మెనూ తెరిస్తే మళ్ళీ మూసుకోవట్లేదు. 'గురించి' పేజీలో ఇంకా 'రెండేళ్ల అనుభవం' అని ఉంది. ముందు మెనూ సంగతి చూడు, చూశాక లింక్ వాట్సాప్‌లో పంపు, బొమ్మతో సహా వస్తుందో లేదో నేను చూసి చెప్తా.